క్లచ్ పోయిందన్నారా? ముందు పది నిమిషాలు మీరే చూడండి



ఈ నెల బండి క్లచ్ గురించి రాస్తా ఉన్నాను. ఇది మగవాళ్ల విషయం అనుకుని అక్కలు పేజీ తిప్పేయద్దండి. షెడ్డులో కట్టే డబ్బు ఇంట్లో పోపుల డబ్బాలో నుంచే పోతుంది. మిల్లు మూసినాక మన కాలనీల్లో ఎన్నో ఇండ్లు బండి మీదనే నిలబడినాయి. వచ్చిన లెక్కతో ఒకరు ఆటో, ఒకరు వ్యాను, ఒకరు పాత కారు తీసుకున్నారు. ఆ బండి నాలుగు రోజులు నిలబడితే ఇల్లు కూడా నిలబడిపోతుంది.

పోయిన వానాకాలంలో ఒకరోజు తెల్లవారి నాలుగున్నరకు మా అక్క కొడుకు వచ్చి తలుపు తట్టినాడు. వానికి పాత ఓమ్ని ఉంది. మనందరికీ తెలిసిన మారుతి వ్యానే. 1984లో వచ్చింది, 2019లో తయారు చేసేది ఆపేసినారు. ఇప్పటికీ మా చాకవేలు చుట్టుపక్కల ఊర్లలో తిరగతానే ఉన్నాయి. వాడు రైతుల ఇండ్ల నుంచి పట్టుగూళ్లు ఎత్తుకుని చింతామణి మీదుగా శిడ్లఘట్ట మార్కెట్టుకు తోలుతాడు.

"మామా, బండి మిట్ట ఎక్కలేదు. ఇంజను అరుస్తాది, బండి మాత్రం కదల్లేదు. నిన్న సాయంత్రం షెడ్డులో చూపిస్తే క్లచ్ సెట్టు పోయింది, గేరు బాక్సులో కూడా ఏదో తిన్నట్టుంది, 14 వేలు అవుతుంది అన్నారు. వ్యానులో ముగ్గురు రైతుల గూళ్లు ఉండాయి. ఏం చేసేది?"

గూళ్ల సంగతి మనవాళ్లకు చెప్పనక్కరలేదు. దింపినాక ఆలస్యం చేసేకొద్దీ తూకం తగ్గుతుంది. ఇంకా ఉంచితే లోపలి పురుగు చిలుకై గూడు తొలుచుకుని బయటికి వస్తుంది. ఆ గూడు దారం తీసేదానికి పనికిరాదు. వాని బాడుగ ఒక్కటే కాదు, మూడిండ్ల నెల రోజుల కష్టం ఆ వ్యానులో ఉంది.

వానితో నేను ఏం చేసినానో చెప్పే ముందు క్లచ్ అంటే ఏందో చెప్పాలి. మిల్లు మనుషులకు అది సులువుగా అర్థమవుతుంది.

పాత మగ్గం గుర్తు తెచ్చుకోండి. పక్కన రెండు చక్రాలు ఉండేవి. ఒకటి ఇరుసుకు బిగించింది, ఒకటి ఊరికే తిరిగేది. మగ్గం ఆపాలంటే పైన తిరిగే పెద్ద షాఫ్టును ఎవరూ ఆపరు. పిడి జరిపితే బెల్టు ఊరికే తిరిగే చక్రం మీదికి పోయేది, మగ్గం నిలిచేది. మళ్లీ పిడి జరిపితే బెల్టు బిగించిన చక్రం మీదికి వచ్చేది, మగ్గం నడిచేది. కారులో క్లచ్ చేసే పని కూడా అదే. ఇంజను తిరగతానే ఉంటుంది. చక్రాలకు ఆ తిరుగుడు ఎప్పుడు అందాలి, ఎప్పుడు అందకూడదు అనేది క్లచ్ చూసుకుంటుంది.

అక్కడ బెల్టు ఉంటే ఇక్కడ బిళ్లలు ఉంటాయి. ఇంజను వెనక ఒక బరువు చక్రం, దాన్ని ఫ్లైవీల్ అంటారు. దానికి ఆనుకుని క్లచ్ ప్లేటు. దాని రెండు పక్కలా బ్రేకు లైనింగు మాదిరి గరుకు పదార్థం అంటించి ఉంటుంది. దాని వెనక ప్రెషర్ ప్లేటు, ఇది స్ప్రింగు బలంతో క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు అదిమి పట్టుకుంటుంది. మీరు పెడల్ తొక్కితే తీగ లాగుతుంది, ఒక బేరింగు ముందుకు జరిగి స్ప్రింగును నొక్కుతుంది, ప్లేటు వదులవుతుంది. పెడల్ వదిలితే మళ్లీ పట్టుకుంటుంది. ఇంతే. పట్టాల్సినప్పుడు పట్టకపోయినా, వదలాల్సినప్పుడు వదలకపోయినా అందరూ ఒకే మాట అంటారు, "క్లచ్ పోయింది" అని. ఆ ఒక్క మాట కింద నాలుగైదు వేరే వేరే జబ్బులు ఉంటాయి. ఒకదానికి నట్టు తిప్పితే చాలు, ఒకదానికి గేరు బాక్సు దింపాలి. అది తెలియక నేను ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నాను.

మిల్లు వదిలినాక నేను పాత మారుతి 800 తీసుకుని కొన్నేండ్లు బాడుగకు తోలినాను. ఒకసారి బండి లాగడం తగ్గింది. నా ఇల్లాలు మిల్లులో వైండింగ్‌లో పని చేసిన మనిషి. వెనక సీట్లో కూర్చుని, "ఏందో బెల్టు కాలిన వాసన వస్తాంది" అనింది. నేను బయట ఎవరో టైరు కాలుస్తా ఉంటారులే అన్నాను. పది రోజులకు బండి మిట్ట ఎక్కలేదు. ఒక షెడ్డులో ప్లేటు మార్చినారు. ఎందుకు పోయింది అని నేను అడగలేదు, పాత ప్లేటు చూపించమని కూడా అడగలేదు. రెండు నెలలకే మళ్లీ అదే కథ. రెండోసారి వేరే చోట ఒక ముసలి మెకానిక్కు విప్పి ప్లేటు నా చేతిలో పెట్టినాడు. నల్లగా, జిడ్డుగా ఉంది. "ఇది అరిగింది కాదప్పా, నూనె తాగింది. ఇంజను వెనక సీలు కారుతాంది. అది మార్చకుండా ఎన్ని ప్లేట్లు వేసినా ఇంతే" అన్నాడు.

నాకు మిల్లులో మా జాబరు గుర్తుకొచ్చినాడు. నా మిషను బెల్టు జారుతా ఉంటే నేను గుగ్గిలం పొడి రుద్దినాను. ఆయప్ప వచ్చి తిట్టి, తల పైకెత్తి చూపించినాడు. పై బేరింగు నుంచి నూనె చుక్క చుక్క బెల్టు మీద పడతా ఉంది. జారే బెల్టును చూస్తే చాలదు, ఎందుకు జారుతా ఉందో చూడు అని ఆయప్ప నేర్పించినాడు. అన్నేండ్లు చేసిన పని నా సొంత బండి దగ్గర మరిచిపోయినాను. రెండుసార్లు డబ్బు కట్టేదానికి ఇల్లాలి కమ్మలు బ్యాంకులో పెట్టినాము. విడిపించేదానికి ఏడాది పట్టింది. ఆమె ఒక్క మాట అనలేదు. అనింటే బాగుండు అనిపించింది.

ఇంగ ఆ తెల్లవారుజాము సంగతికి వస్తాను. టార్చి తీసుకుని పోయినాను. బండి ముట్టుకునే ముందు రెండు ప్రశ్నలు అడిగినాను. "ఎప్పటి నుంచి ఇట్ల? దానికి ముందు ఎవరైనా దీన్ని ముట్టినారా?"

"పది రోజుల నుంచి మామా. దానికి ముందు గేర్లు గట్టిగా పడతా ఉంటే దారిలో ఒకాయన తీగ బిగించినాడు."

సగం రోగం ఆ మాటలోనే దొరికింది. మీరు కూడా ముందు ఇదే అడగండి. బండి ఊరికే చెడదు, దానికి ముందు ఏదో ఒకటి జరిగి ఉంటుంది.

తర్వాత ఇంజను ఆపి, పెడల్‌ను కాలితో కాదు, చేత్తో నొక్కి చూసినాను. బాగున్న తీగ బండిలో పెడల్ మొదట కొంచెం దూరం ఊరికే దిగాలి, ఆ తర్వాత బరువు తగలాలి. ఆ ఊరికే దిగే దూరాన్ని ఫ్రీ ప్లే అంటారు. సుమారు ఒకటి రెండు వేళ్ల మందం ఉంటుంది. బండిని బట్టి మారుతుంది, సరైన కొలత బండి పుస్తకంలో ఉంటుంది. మా వాని బండిలో ఆ దూరం అసలు లేదు. వేలు పెట్టగానే బరువు తగిలింది. అంటే తీగ ఎప్పుడూ లాగే ఉంది. ఎవరూ తొక్కకపోయినా క్లచ్ సగం తొక్కినట్టే ఉంది. ప్లేటు సరిగ్గా అదుముకోక జారతా ఉంది.

ఇంకొకటి గమనించినాను. గూళ్లతో బండి నిండుతుంది కానీ బరువు ఉండదు. టమోటా లోడు వేసి మిట్ట ఎక్కకపోతే బరువు ఎక్కువైందేమో అనుకోవచ్చు. గూళ్ల లోడుకే ఇంజను అరిచి బండి కదలకపోతే అది జారడమే.

అయినా ఖాయం చేసుకునేదానికి పరీక్ష చేసినాము. ముందు గూళ్లు దించినాము. దీన్ని జాగ్రత్తగా చదవండి. సమంగా ఉన్న ఖాళీ జాగాలో బండి పెట్టండి. ముందు వెనక మనుషులు, పిల్లలు ఉండకూడదు. చక్రాలకు రాళ్లు పెట్టండి. హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగండి, కుడికాలు బ్రేకు మీదనే ఉంచండి. ఇంజను నిదానంగా తిరగతా ఉండగా మూడో గేరో నాలుగో గేరో వేసి, క్లచ్ మెల్లగా పూర్తిగా వదలండి. క్లచ్ బాగుంటే ఇంజను దడదడమని వెంటనే ఆగిపోతుంది. ఆగకుండా తిరగతానే ఉంటే క్లచ్ జారతా ఉందని అర్థం, వెంటనే పెడల్ తొక్కేయండి. ఇది ఒక్కసారి చేస్తే చాలు. పదే పదే చేస్తే బాగున్న ప్లేటు కూడా కాలుతుంది.

వాని ఇంజను ఆగలేదు. అప్పుడు తాళం తీసేసి, బండి కిందికి దూరి, గేరు బాక్సు పక్కన తీగ చివర ఉన్న నట్టును కొంచెం కొంచెం వదులు చేసినాము. వేలితో చూసుకుంటా, పెడల్‌లో ఆ ఊరికే దిగే దూరం వచ్చేదాకా. మళ్లీ ఒకసారి పరీక్ష చేస్తే ఇంజను దబ్బున ఆగిపోయింది. వాడు నా ముఖం చూసినాడు. 14 వేలు అన్న చోట ఒక స్పానరు సరిపోయింది. కానీ నేను వానికి ఒక మాట చెప్పినాను. "సంతోషపడద్దురా. పది రోజులు జారింది కాబట్టి ప్లేటు కొంత తినే ఉంటుంది. ఇది పోదు అని నేను చెప్పలేను. ఈ పొద్దు మెల్లగా పో, మిట్టలో బలవంతం చేయద్దు. డబ్బు చేరినాక మార్చుకుందాం."

ఇది జారే జబ్బు. దీని గుర్తులు మూడు. పెద్ద గేరులో మిట్ట ఎక్కేటప్పుడు గాని, ముందరి బండిని దాటేటప్పుడు గాని ఇంజను చప్పుడు పెరుగుతుంది, వేగం పెరగదు. కాలిన వాసన వస్తుంది. డీజిలో పెట్రోలో ఎక్కువ తాగుతుంది. కారణాలు నాలుగు. తీగ ఎక్కువ బిగించడం, లైనింగు అరిగిపోవడం, నూనె తగలడం, స్ప్రింగు బలం తగ్గడం. వీటిలో మొదటిది చూసేదానికి పైసా ఖర్చు లేదు. అందుకే అది ముందు చూడాలి.

రెండోది వదలని జబ్బు. పెడల్ పూర్తిగా తొక్కినా గేరు పడదు, రివర్సు వేస్తే గరగరమంటుంది. దీనికి పరీక్ష ఇది. ఇంజను ఆపి అన్ని గేర్లూ వేసి చూడండి. ఆపినప్పుడు సులువుగా పడి, ఇంజను నడిచేటప్పుడు మాత్రమే గట్టిగా ఉంటే తప్పు క్లచ్‌ది. ఆపినప్పుడు కూడా గట్టిగా ఉంటే గేరు రాడ్లలోనో గేరు బాక్సులోనో ఉంది. ఒక్క గేరు మాత్రమే గరగరమని, మిగతావి బాగుంటే అది గేరు బాక్సు పని, క్లచ్‌ను అనవసరంగా విప్పద్దు. ఇంకొకటి, ఇంజను నడుస్తా ఉండగా పెడల్ నేలకు తొక్కి అయిదు లెక్కపెట్టి రివర్సు వేయండి. అప్పుడు కూడా గరగరమంటే ప్లేటు ఇంకా తిరగతానే ఉంది, వదలలేదు అని అర్థం.

వదలని జబ్బుకు ముందు కాలి కింద చూడండి. పెడల్ కింద మ్యాటు ముడుచుకుని ఉంటే పెడల్ పూర్తిగా దిగదు. నవ్వద్దండి, నేను ఇది చూసినాను. తర్వాత తీగ సాగిందా, పోగులు తెగినాయా చూడండి. పోగులు ఒకటొకటి తెగతా ఉంటే దాన్ని బిగించుకుంటా కాలం తోయద్దు. ఒకరోజు నడి రోడ్డులో తెగుతుంది, పెడల్ నేలకు పడిపోతుంది. తీగ మార్చేది సెట్టు మార్చేదానికంటే ఎంతో తక్కువ ఖర్చు.

తీగ లేని బండ్లు కూడా ఉన్నాయి. వాటిలో పెడల్ నుంచి క్లచ్‌కు బ్రేకు ఆయిలుతో ఒత్తిడి పోతుంది. పెడల్ దూదిలాగా మెత్తగా ఉంటే గాలి చేరిందని, మెల్లగా నేలకు దిగిపోతే ఎక్కడో కారుతా ఉందని అనుమానించాలి. డబ్బాలో ఆయిలు మట్టం చూడండి. చాలా బండ్లలో బ్రేకుకూ క్లచ్‌కూ ఒకటే డబ్బా. అందుకని మట్టం తగ్గితే క్లచ్ విషయమే అని వదిలేయద్దు, బ్రేకు కూడా పోవచ్చు. ఇంజను ఆయిలు దాంట్లో పోయనే పోయద్దు, లోపలి రబ్బర్లు ఉబ్బి పాడవుతాయి.

మూడోది వణుకు. బండి కదిలేటప్పుడు చలిజ్వరం వచ్చినట్టు దడదడ వణుకుతుంది, వేగం అందుకున్నాక సర్దుకుంటుంది. ప్లేటుకు నూనె తగిలినా, ఫ్లైవీల్ వేడికి మచ్చలు పడినా ఇట్ల అవుతుంది. ఇంజను కింద ఉండే రబ్బరు మౌంటులు చిరిగినా ఇట్లనే ఉంటుంది. గేరు బాక్సు దింపే ముందు ఆ రబ్బర్లు చూడమని చెప్పండి.

నాలుగోది చప్పుడు. గేరు వేయకుండా బండిని ఊరికే నడిపి చెవి పెట్టండి. పెడల్ తొక్కినప్పుడు కీచుమని, వదిలితే ఆగిపోతే క్లచ్ బేరింగు అరిగింది. పెడల్ వదిలినప్పుడు చప్పుడు ఉండి, తొక్కితే ఆగిపోతే గేరు బాక్సు లోపలి బేరింగును అనుమానించాలి. మనకు మిషను చప్పుడులోనే జబ్బు పట్టుకునే చెవి ఉంది. దాన్ని బండి దగ్గర కూడా వాడుకోండి.

ఇన్ని చూసినాక సెట్టు మార్చాల్సిందే అని తేలితే మార్చండి. పిసినారితనం వద్దు. గేరు బాక్సు దింపే కూలి ఒకటే కాబట్టి ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మూడూ ఒకేసారి మార్చేది మేలు. ఒకటి మిగిల్చి మళ్లీ ఆరు నెలలకు అదే కూలి కట్టద్దు. షెడ్డులో ఇవి మాత్రం అడగండి. విప్పక ముందు, "ఏ పరీక్ష చేసి చెప్తా ఉన్నారు?" విప్పినాక, "నన్ను పిలిచి చూపించండి." ప్లేటు చేతిలోకి తీసుకోండి. లైనింగు రివిట్ల దాకా అరిగిందా, కాలి నల్లబడిందా, జిడ్డుగా ఉందా చూడండి. జిడ్డుగా ఉంటే సీలు మార్చకుండా మూయనీయద్దు. పాత సామాను ఇంటికి తెచ్చుకోండి. మంచి మెకానిక్కు వీటికి కోపం తెచ్చుకోడు, సంతోషంగా చూపిస్తాడు.

కడాగా కాలి గురించి. క్లచ్‌ను ఎక్కువగా తినేది రోడ్డు కాదు, మన ఎడమకాలు. గేరు మార్చినాక కాలు పెడల్ మీదనే ఆనించి పెట్టే అలవాటు చాలామందికి ఉంది. ఆ చిన్న బరువుకే బేరింగు ఎప్పుడూ తిరగతా అరుగుతుంది, ప్లేటు జారుతుంది. కాలు పక్కన పెట్టండి. మనవాళ్లు తిరుమలకు పోతా ఉంటారు, నంది కొండకు పోతా ఉంటారు. తిరుమలలో 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగేదానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కేదానికి. ఎక్కేటప్పుడు ముందర బండ్లు నిలిచిపోతే క్లచ్ సగం తొక్కి, ఇంజను రేపి బండిని మిట్టలో పట్టుకుని నిలబెడతారు. రెండు నిమిషాలు అట్ల పట్టుకుంటే ప్లేటు పొగ వస్తుంది. హ్యాండ్‌బ్రేకు వేసి న్యూట్రల్ చేయండి. దిగేటప్పుడు క్లచ్ తొక్కి బండిని ఊరికే వదలద్దు. చిన్న గేరులో ఇంజను పట్టుతో దిగండి. లేకపోతే బరువంతా బ్రేకుల మీద పడుతుంది, బ్రేకులు కాగి పట్టకుండా పోతాయి.

మా వాడు ఆ పొద్దు వేలానికి ముందే శిడ్లఘట్ట చేరినాడు. మధ్యాహ్నం ఫోను చేసి, "మామా, మూడు లాట్లూ పోయినాయి" అన్నాడు. బండి ఇంకా నాలుగు నెలలు నడిచింది. ఆ నాలుగు నెలల్లో వాడు చీటీ ఎత్తి, అప్పు లేకుండా సెట్టు మార్చుకున్నాడు. గేరు బాక్సు విప్పనక్కరలేదు, దాంట్లో ఏమీ తినలేదు. పాత ప్లేటు తెచ్చి నా చేతిలో పెట్టినాడు. ఒక పక్క రివిట్ల దాకా పోయింది. నేను దాన్ని ఇంటి ముందర కమ్మీకి తగిలించినాను. చూసేదానికి వచ్చిన పిల్లోళ్లకు అది చేతికిచ్చి చెప్తాను.

నా ఇల్లాలు దాన్ని వాసన చూసి, "నేను అప్పుడే చెప్తిని కదా" అనింది. ఆమె చెప్పింది నిజమే. వెనక సీట్లో కూర్చున్నవాళ్లు ఏదో కాలిన వాసన అంటే, అన్నలారా, బండి పక్కకు ఆపి దిగి చూడండి.

వచ్చే నెల బండి బ్యాటరీ గురించి రాస్తాను. అందాకా సెలవు.